పాము కన్నా ముందు పుట్ట

బాల్ పైథాన్‌ను తెచ్చుకోవాలని నిర్ణయించేసుకున్నారు. ఇంట్లో సగం మందిని ఒప్పించారు, మిగతా సగం మీతో మాట్లాడడం మానేశారు. ఇప్పుడు రాత్రిళ్లు ఫోన్‌లో వీడియోలు చూస్తూ అద్దాల పెట్టె, ఎర్ర బల్బు, వేడెక్కే రాయి, ప్లాస్టిక్ తీగలు ఒక్కొక్కటిగా కార్ట్‌లో వేస్తున్నారు. అవునా? అయితే కాసేపు ఆ ఫోన్ పక్కన పెట్టండి. అందులో కొన్ని మీకు అక్కర్లేదు, కొన్ని పాముకు హాని చేస్తాయి.

ఆ వీడియోలు చేసేవాళ్లు ఎక్కడుంటారు? ఎక్కువమంది ఇంగ్లండులోనో అమెరికాలోనో ఉంటారు. వాళ్ల ఇళ్లు చల్లగా ఉంటాయి. చలికాలంలో హీటర్ వేస్తే గాలి పొడిబారిపోతుంది. అందుకే వాళ్ల సలహాలన్నీ తిరిగి తిరిగి రెండు మాటల దగ్గరికే వస్తాయి: వేడి పెంచండి, తేమ పెంచండి. మరి మీరుండేది ఎలమంచిలి. సముద్రపు గాలి తగులుతూనే ఉంటుంది. వానాకాలంలో ఉతికిన బట్ట రెండ్రోజులైనా ఆరదు. మే నెల మధ్యాహ్నం మేడ మీద గదిలో కాలు పెట్టలేం. ఇక్కడ పాముకు చలి భయం కన్నా ఉడుకు భయం ఎక్కువ. పొడి గాలి కన్నా కదలని చెమ్మ ప్రమాదం. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే మీ పని సగం తేలికవుతుంది.

ఇంకో మంచి సంగతి చెప్తాను. బాల్ పైథాన్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఘనా, టోగో, బెనిన్ దేశాల్లో గడ్డి మైదానాల్లో, పొలాల్లో తిరుగుతుంది. పగలంతా ఎలుక కలుగుల్లో, చెదపుట్టల్లో దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికొస్తుంది. పాము పుట్టలో ఉంటుందని మనకు ఎవరూ నేర్పక్కర్లేదు కదా! మీరు చెయ్యబోయేది అదే, ఇంట్లో ఒక పుట్ట కట్టడం. చీకటిగా, ఇరుకుగా, ఒక పక్క వెచ్చగా, ఇంకో పక్క చల్లగా ఉండాలి. షోకేసు కట్టాలని కూర్చుంటే మాత్రం మొదట్లోనే దారి తప్పారన్నమాట.

ముందు కాగితాలు

మీ చేతికి రాబోయే పాముకు కాగితాలున్నాయా? ఇది అడగకుండా వడ్రంగిని పిలవకండి.

బాల్ పైథాన్ అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణతో ఇలాంటి విదేశీ జీవాలు చట్టంలోని నాలుగో షెడ్యూలులోకి వచ్చాయి. 2024 ఫిబ్రవరి 28న కేంద్రం నమోదు నియమాలు ప్రకటించింది. అప్పటికే పెంచుతున్నవాళ్లకు ఆరు నెలల గడువిచ్చింది. ఆ తర్వాత తెచ్చుకున్నవాళ్లు చేతికొచ్చిన 30 రోజుల్లో పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. పిల్లలు పుట్టినా, పాము చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా అక్కడే తెలపాలి. అమ్మేవాడి పేరు మీద నమోదు ఉందో లేదో చూడండి. "కాగితాలెందుకు బ్రదర్, అందరూ ఇలాగే కొంటున్నారు" అన్నాడంటే అక్కడితో మాట ఆపేయండి. బ్యాంకాక్ నుంచి వచ్చిన ప్రయాణికుల సామాన్లలో బాల్ పైథాన్లు చెన్నై విమానాశ్రయంలో పట్టుబడిన వార్తలు మీరూ చదివే ఉంటారు. అలా సంచుల్లో కుక్కి తెచ్చినవి దొరకకుండా బయటపడితే చేరేది ఇలాంటి అమ్మకందారుల దగ్గరికే.

మరొకటి. చెరకు తోటలో దొరికిందనో, కొండ దిగువన కనిపించిందనో మన కొండచిలువను తెచ్చి పెంచుకుందామనే ఆలోచన అసలే వద్దు. అది మొదటి షెడ్యూలు జీవి. నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. బాల్ పైథాన్ కొండచిలువల కుటుంబానిదే అయినా చట్టం దృష్టిలో ఆ రెంటికీ పోలిక లేదు.

వయసు కూడా ఆలోచించుకోండి. సరిగ్గా చూస్తే ఈ పాము 20, 30 ఏళ్లు బతుకుతుంది. అమెరికాలోని సెయింట్ లూయీ జూలో 60 ఏళ్లు దాటిందని లెక్కగట్టిన ఒక ఆడ బాల్ పైథాన్ 2020 జులైలో ఏడు గుడ్లు పెట్టింది. మీకిప్పుడు పాతికేళ్లయితే మీ పిల్లలు కాలేజీకి వెళ్లే రోజుకి కూడా ఇది మీ ఇంట్లోనే ఉంటుంది. ఆ పెట్టె మీ పెళ్లినీ, ఇల్లు మారడాన్నీ తట్టుకునేలా ఉండాలి.

సరే, ఇక పనిలోకి దిగుదాం.

1. పర్సు తీసే ముందు నోటుబుక్కు తియ్యండి

సెన్సర్ వైరు ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి, గాలిలో తేమ చూపించే మీటర్ ఒకటి కొనండి. గడియారంలా గుండ్రంగా ఉండి గోడకు అతికించేవి తక్కువ ధరకే వస్తాయి కానీ నమ్మదగ్గవి కావు. పెట్టె పెట్టాలనుకున్న చోట వీటిని ఉంచి ఒక వారం పాటు తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పడుకునే ముందు ఎంత చూపిస్తున్నాయో రాసుకోండి.

ఎందుకింత చాదస్తం అంటారా? పాముకు కావలసిన లెక్క ఇదీ: వెచ్చని మూల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని మూల 24 నుంచి 27 డిగ్రీలు, గాలిలో తేమ 55 నుంచి 70 శాతం. మీ గది ఇప్పటికే 29 డిగ్రీల్లో ఉంటే మీరు ఆలోచించాల్సింది చల్లని మూల గురించి. వెచ్చని మూల దానంతటదే సగం తయారై ఉంది. ఈ సంగతి మీ నోటుబుక్కు చెప్తుంది కానీ వీడియో చెప్పదు.

2. గది ఎంపిక

మేడ మీద గది వద్దు. పడమటి గోడకు ఆనించి వద్దు, సాయంత్రం దాకా ఎండ తిన్న గోడ రాత్రి పదింటి దాకా సెగలు కక్కుతుంది. రేకుల షెడ్డు మాట ఎత్తకండి. వంటింటి పక్కన, దేవుడి గదికి ఎదురుగా కూడా వద్దు. తాలింపు ఘాటు, సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, ఇవన్నీ పాము ఊపిరితిత్తులకు పడవు.

కింది అంతస్తులో, ఇంటి మధ్యలో, మనుషులు అదేపనిగా తిరగని గది మంచిది. పెట్టెను నేల మీద కాకుండా నడుమెత్తు బల్ల మీద పెట్టండి. నడిచే అడుగుల అదురు తగ్గుతుంది, మీరు వంగి పై నుంచి చెయ్యి పెట్టే అవసరం ఉండదు. పై నుంచి చెయ్యి దిగిందంటే దానికి గద్ద దిగినట్టే.

3. పెట్టె

ఎదిగిన పాముకు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు పెట్టె చేయించండి. మగది మూడడుగుల దగ్గర ఆగుతుంది, ఆడది నాలుగు, ఐదడుగులకు పెరుగుతుంది. పిల్లప్పుడు చిన్న పెట్టెతో మొదలుపెట్టినా పర్లేదు. ఒకవేళ పెద్ద పెట్టెలోనే పిల్లను వేస్తే లోపల ఖాళీ కనిపించకుండా ఆకులు, కొమ్మలు, దాక్కునే చోట్లు నింపాలి. బోసిగా ఉన్న పెద్ద పెట్టెలో పిల్ల పాము భయంతో తిండి మానేస్తుంది.

నాలుగు వైపులా అద్దం ఉన్న చేపల తొట్టి అందంగా ఉంటుంది. పాముకు మాత్రం నాలుగు వైపుల నుంచీ మనుషులు కనిపిస్తూనే ఉంటారు. మూడు వైపులా మూసి ఉండి, ముందు వైపు జారే అద్దాలున్న పెట్టె మేలు. మామూలు ప్లైవుడ్ మన చెమ్మకు రెండేళ్లలో ఉబ్బుతుంది, అందుకే మెరైన్ ప్లై గానీ పీవీసీ షీట్ గానీ వాడమనండి. లోపల వార్నిష్ వేయిస్తే వాసన పూర్తిగా పోయేదాకా, అంటే కొన్ని వారాలు, తలుపులు తెరిచి ఎండబెట్టాలి. మీ ముక్కుకు వాసన తగులుతోందంటే పాముకు ఇంకా సమయం కాలేదు.

4. గాలి కన్నాలు, తాళం

కన్నాలు ఎక్కడ వెయ్యాలో వడ్రంగికి మీరే చెప్పాలి. చల్లని వైపు కింద కొన్ని, వెచ్చని వైపు పైన కొన్ని. వేడి గాలి పైనుంచి బయటికి పోతుంటే కింది నుంచి కొత్త గాలి వస్తుంది. ఫ్యాను లేకుండానే పెట్టె ఊపిరి పీల్చుకుంటుంది. పొడి దేశాల వాళ్లు తేమ పోకుండా కన్నాలు తగ్గిస్తారు. మనం పెంచాలి. కన్నం మాత్రం చిటికెన వేలు దూరనంత చిన్నదిగా ఉండాలి, లేదా లోపలి వైపు సన్నని జాలీ కొట్టించాలి. తల పట్టిన చోట ఒళ్లంతా పడుతుంది.

జారే అద్దాలకు నగల షాపుల్లో షోకేసులకు వాడే పళ్ల తాళం వేయించండి. "ఇంత బద్ధకపు పాము ఎక్కడికి పోతుంది?" అనుకుంటున్నారా? పగలు బద్ధకమే. రాత్రంతా అద్దం సందును ముక్కుతో నెడుతూ ఉంటుంది. తప్పించుకున్న పాము మీ ఇంట్లో దొరికితే అదృష్టం. పక్కింటి వాళ్లకు కనిపించిందంటే అది ఆఫ్రికాదా, ఆముదాలవలసదా అని ఎవరూ అడగరు. కర్ర తీస్తారు.

5. వేడి, దాని కాపలా

ఎలమంచిలిలో వేడి సాధనం అవసరం ప్రధానంగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ రాత్రి పూట. మిగతా రోజుల్లో అది ఉన్నా తనంతట తాను ఆగిపోయి ఉండాలి. అలా ఆపేది థర్మోస్టాట్. థర్మోస్టాట్ లేకుండా బల్బు గానీ, హీట్ మ్యాట్ గానీ పెట్టారంటే మీరు పెట్టింది పాము పెట్టె కాదు, పొయ్యి.

దీనికోసం విదేశీ సరుకు తెప్పించక్కర్లేదు. కోడిగుడ్లు పొదిగించే పెట్టెలకు వాడే చిన్న డిజిటల్ థర్మోస్టాట్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఎలక్ట్రీషియన్ చేత ఎర్తింగ్‌తో సహా సరిగ్గా బిగించుకోండి. వేడికి వెలుతురివ్వని సెరామిక్ బల్బు మంచిది. హోల్డరు కూడా సెరామిక్‌దే వాడాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. బల్బు చుట్టూ ఇనుప జాలీ తప్పనిసరి. వెచ్చదనం కోసం పాము బల్బునే చుట్టుకుంటుంది, చర్మం కాలుతున్నా వెంటనే వదలదు.

సెన్సర్ ఎక్కడ పెట్టాలి? వెచ్చని వైపు, పాము పడుకునే ఎత్తులో. దాన్ని టేపుతో అతికించకండి. మన చెమ్మకు టేపు ఊడి పాముకు అంటుకుంటుంది, లాగితే పొలుసులతో సహా వస్తుంది. క్లిప్పుతో, స్క్రూతో బిగించండి. ఎందుకంత గట్టిగానంటే, పాము తోకతో సెన్సర్‌ను లాగి నీళ్ల గిన్నెలో పడేసిందనుకోండి. సెన్సర్ నీళ్ల వేడి 26 డిగ్రీలు చూపిస్తుంది. ఇంకా వేడెక్కలేదనుకుని థర్మోస్టాట్ బల్బును ఆపదు. తెల్లారేసరికి పెట్టె 40 దాటుతుంది. యంత్రం చెడిపోలేదు, దానికి తప్పు చోటు చూపించాం, అంతే. అందుకే వెచ్చని వైపు ఇంకో మామూలు థర్మామీటర్ విడిగా ఉండాలి.

వేడెక్కే రాళ్లు అమ్ముతుంటారు. కొనకండి. ఒక్కో చోట ఒక్కో వేడి ఉండి పాము పొట్ట కాలిపోతుంది.

6. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అసలు పరీక్ష

పెట్టెలో చల్లని వైపు కూడా 33 దాటుతోందంటే పాముకు పారిపోయే చోటు లేదన్నమాట. 35 దాటి గంటల తరబడి ఉంటే ప్రాణం మీదకొస్తుంది. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, నీళ్ల గిన్నెలోంచి బయటికి రాకపోయినా, అద్దం వెంట ఆగకుండా తిరుగుతున్నా ఉడుకుతోందని అనుమానించండి.

ఏం చెయ్యాలి? వేడి సాధనాల ప్లగ్గు పీకేయండి. చల్లని వైపు నేల మీద ఒక కడప రాయి పలక వెయ్యండి. పలక నేరుగా పెట్టె అడుగుకు ఆనాలి. నేల మీద పరిచే కొబ్బరి పొట్టు మీద పెడితే పాము కింద తవ్వుకుని నలిగిపోతుంది. ఇంట్లో ఏసీ ఉంటే 27లో ఉంచండి, గాలి నేరుగా పెట్టె మీద కొట్టకూడదు. లేకపోతే గడ్డకట్టిన నీళ్ల సీసాలను తువ్వాలులో చుట్టి చల్లని వైపు పెట్టె పైన ఉంచండి, లోపల పెట్టకండి. ఎయిర్ కూలర్ మీద ఆశ పెట్టుకోకండి, మన గాలిలో ఉన్న తేమకు అది చల్లబరిచేది తక్కువ, చెమ్మ పెంచేది ఎక్కువ.

కరెంటు సంగతికొస్తే, గంటా రెండు గంటల కోతకు కంగారు పడక్కర్లేదు. ఎండాకాలం మధ్యాహ్నం కోత వస్తే మాత్రం సీసాలు ఫ్రీజర్‌లో సిద్ధంగా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖ జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు, గుర్తుందా? తుపాను హెచ్చరిక రాగానే పెట్టెను కిటికీకి దూరంగా జరపండి, తాళం చూడండి, తాగునీళ్లు పట్టి ఉంచండి. తిండి గురించి బెంగ వద్దు. ఎదిగిన బాల్ పైథాన్ వారాల తరబడి పస్తుండగలదు.

7. నేల

మొదటి నెల న్యూస్ పేపర్లు పరచండి. చూడ్డానికి బాగోదు, కానీ కొత్త పాము ఒంటి మీద పురుగులుంటే కాగితం మీద నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. మలం ఎలా ఉందో తెలుస్తుంది.

తర్వాత కొబ్బరి పొట్టు. కోనసీమ, కడియం అందుబాటులో ఉన్న మనకు దీనికి కొరతేమిటి! నర్సరీల్లో ఇటుకల్లా అమ్ముతారు. ఉప్పు కడిగేసిన రకం అడగండి. నీళ్లలో నానబెట్టి పిండి, ఎండలో ఆరబెట్టండి. గుప్పిట నిండా తీసుకుని గట్టిగా పిసకండి. వేళ్ల సందుల్లోంచి చుక్క కారితే తడి ఎక్కువ. గుప్పిట తెరవగానే ఇసుకలా రాలిపోతే తడి తక్కువ. ముద్దలా నిలిచి, వేలితో తాకితే విడిపోవాలి. అలా ఉన్నది మూడు నాలుగు అంగుళాల మందాన వెయ్యండి. కింద హీట్ మ్యాట్ వాడేవాళ్లు మాత్రం మందంగా వెయ్యకూడదు, వేడి అడుగునే చిక్కుకుంటుంది.

తేమ కోసం పొద్దున్నా సాయంత్రం స్ప్రే కొట్టమని వీడియోలు చెప్తాయి. జులై, ఆగస్టుల్లో మీరు అలా చేస్తే పై పొర ఎప్పుడూ తడిగా ఉండి పాము పొట్ట పొలుసులు ఎర్రబడి కుళ్లుతాయి. పై పొర పొడిగా ఉండాలి. ఏసీ గదిలోనో, ఎండిన రోజుల్లోనో మీటరు 50 కిందికి దిగితే పెట్టె మూలల్లో ఒక గ్లాసు నీళ్లు పొయ్యండి. నీళ్లు అడుగుకు చేరి మెల్లగా ఆవిరవుతాయి. తెల్ల బూజు కనిపిస్తే ఆ భాగం తీసి పారేసి, గాలి కన్నాలు ఇంకొన్ని వేయించండి. దేవదారు లాంటి ఘాటు కర్రల పొట్టు, ఇసుక వాడకండి.

8. దాక్కునే చోట్లు: ఇక్కడ పిసినారితనం వద్దు

రెండు కావాలి. వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, రెండూ ఒకేలాంటివి. ఒక్కటే పెడితే ఏమవుతుంది? పాముకు చల్లదనం కావాలి, కానీ దాక్కునే చోటు వెచ్చని వైపే ఉంది. భయం గెలుస్తుంది. ఉడుకుతున్నా అక్కడే ఉంటుంది. మీరేమో "దానికి అక్కడే ఇష్టం" అనుకుంటారు.

చోటు ఇరుకుగా ఉండాలి. చుట్టుకుని పడుకుంటే ఒళ్లు మూడు వైపులా గోడకు తగలాలి. మట్టి కుండను మించింది లేదు. సంతలో చిన్న కుండ కొని, మూతి పక్కన పాము దూరేంత కన్నం కొట్టించి, అంచులు గరుకు కాగితంతో నున్నగా రుద్ది బోర్లించండి. పిల్ల పాముకు పెద్ద కొబ్బరి చిప్ప సరిపోతుంది. పాము ఎదిగేకొద్దీ కుండ మార్చాలి, కన్నంలో ఇరుక్కునేదాకా ఆగకండి.

కుబుసం విడిచే రోజులకు మూడోది కావాలి. కళ్లు నీలంగా మసకబారితే ఆ సమయం వచ్చిందని. ఒక ప్లాస్టిక్ డబ్బాకు కన్నం చేసి లోపల తడిపి పిండిన కొబ్బరి పీచు పెట్టండి. కుబుసం ముక్కు నుంచి తోక దాకా ఒకే ముక్కగా వచ్చిందంటే తేమ సరిపోయినట్టే. ముక్కలుగా వస్తే సరిపోలేదు. కంటి మీద పొర ఉండిపోతే గోటితో గీకకండి, డాక్టరుకు చూపించండి.

ఎక్కడానికి ఒక జామ కొమ్మ కడిగి ఎండబెట్టి పెట్టండి. గన్నేరు, జిల్లేడు కొమ్మలు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఏటికొప్పాక బొమ్మలు పక్కనే దొరుకుతున్నాయి కదా అని లోపల అలంకరించకండి, చెమ్మకు లక్క పాడవుతుంది. పెట్టె పైన పెట్టుకోండి, అందంగా ఉంటాయి.

9. నీళ్లు, వెలుతురు

బరువైన గిన్నె, పాము దొర్లించలేనిది, చల్లని వైపు. రోజూ నీళ్లు మార్చాలి. వెలుతురు పగలు 12 గంటలు, రాత్రి చీకటి. ఎర్ర బల్బు, నీలం బల్బు రాత్రి వెయ్యకండి, దాన్ని చీకటిగా ఉండనివ్వండి.

తెచ్చిన తర్వాత

పెట్టె పూర్తయింది. పాము లేకుండానే ఒక వారం నడపండి. మూడు పూటలా అంకెలు రాయండి. నోటుబుక్కులో అంకెలు నిలకడగా ఉన్నాకే పామును తీసుకురండి. తెచ్చాక కూడా మొదటి వారం, పది రోజులు చెయ్యి పెట్టకండి. నీళ్లు మార్చడం తప్ప ఇంకే పనీ లేదు. స్నేహితులంతా వచ్చి ఫొటోలు దిగుతామంటే ఏం చెప్తారు? నెల తర్వాత రమ్మనండి.

వారం గడిచాక మొదటి మేత. చంపి గడ్డకట్టించిన ఎలుకను ఫ్రిజ్‌లో కరిగించి, గోరువెచ్చని నీళ్లలో వేడి చేసి, పొడవాటి పట్టకారుతో అందించాలి. పిల్ల పాముకు దాని బరువులో 10, 15 శాతం ఉన్న ఎలుక వారానికొకటి. ఎదిగినదానికి రెండు నుంచి నాలుగు వారాలకొకటి. బతికున్న ఎలుకను పెట్టెలో వదిలేస్తే అది పామును కొరికి పుండ్లు చేస్తుంది. ఇంట్లో బోనులో పడ్డ ఎలుక అసలే వద్దు, అది ఏ మందు తిని వచ్చిందో. తిన్న తర్వాత రెండు రోజులు ముట్టుకోకండి.

తినలేదా? కంగారు పడి పూటకో ఎలుక చూపించకండి. ఈ పాములు చలికాలంలో నెలల తరబడి తినడం మానేస్తాయి. ముందు థర్మామీటర్ చూడండి, తర్వాత కుండలు చూడండి, ఆ తర్వాత పామును తూచండి. బరువు నిలబడుతుంటే ఆగండి. బరువు పడిపోతున్నా, ముక్కులో బుడగలు వస్తున్నా, ఊపిరిలో గురక వినిపిస్తున్నా డాక్టరు కావాలి. పాములను చూసే పశువైద్యులు అన్ని ఊళ్లలో ఉండరు. విశాఖలో ఎవరు చూస్తారో, గరివిడి పశువైద్య కళాశాలలో ఎవరిని అడగాలో పాము రాకముందే కనుక్కుని నంబర్లు పెట్టె మీద అతికించండి.

ఒక పెట్టెలో ఒకటే పాము. తోడు కావాలనేది మన బాధ, దానిది కాదు.

ఇంట్లోవాళ్లు

అచ్యుతాపురంలో షిఫ్టు డ్యూటీ చేసే ఒక కుర్రాణ్ని ఊహించుకోండి. వాళ్లమ్మ వేసే మొదటి ప్రశ్న పాము కరుస్తుందా అని కాదు. "నువ్వు డూటీకెల్లిపోతే దీన్నెవులు సూస్తారురా?" అని. ఎంత న్యాయమైన ప్రశ్న! దానికి జవాబు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టెకు తగిలించండి. మీటరులో ఎంత ఉండాలి, 34 దాటితే ఏ ప్లగ్గు పీకాలి, ఐస్ సీసాలు ఎక్కడున్నాయి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. అంతే, నాలుగు వాక్యాలు. పామును ముట్టుకోవాల్సిన పని ఆమెకు ఒక్కటీ పెట్టకండి. ఎలుకల డబ్బాను ఆమె పప్పుల ఫ్రిజ్‌లో పెట్టకండి, మరీ అన్యాయం. చిన్న ఫ్రిజ్ ఒకటి వేరే చూసుకోండి.

నాగుల చవితి నాడు నాయనమ్మ పాల గిన్నె, పసుపు, కుంకుమ పట్టుకుని పెట్టె దగ్గరికి వస్తుంది. ఏం చేస్తారు? వాదనకు దిగకండి. పాలు పాముకు అరగవు, పసుపు కుంకుమలు పొలుసుల మీద పడకూడదు. పెట్టె ముందు ముగ్గు వేసి, దీపం కాస్త దూరంగా పెట్టి దండం పెట్టుకోమనండి. ఆమె మాటా చెల్లుతుంది, పామూ బాగుంటుంది. చీమలు పట్టకుండా పెట్టె చుట్టూ చాక్ గీత గీస్తానంటే మాత్రం ఆపండి, ఆ మందు పాముకూ విషమే. బల్ల కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, పాతకాలపు ఉపాయమే పనిచేస్తుంది.

పిల్లల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. పామును ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి, పాముల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకండి. దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకోటుంది. ఇంట్లో పామును చూసి చూసి పిల్లలకు పాము భయం పోతుంది. వానాకాలంలో వరి గట్ల మీద, చెరకు తోటల్లో తిరిగే రక్తపింజరికి ఒంటి నిండా గోధుమరంగు మచ్చలు, బొద్దు శరీరం. తెలియని కంటికి అచ్చం కొండచిలువ పిల్లే. పిల్లలకు ఒకటే నియమం నేర్పండి: మన పాము పెట్టెలో ఉంటుంది, బయట కనిపించినది ఏదైనా మనది కాదు, దగ్గరికి వెళ్లకుండా పెద్దవాళ్లను పిలవాలి. పెద్దవాళ్లు ముందు చూడాల్సింది పెట్టె తాళం.

ఇదంతా చదివాక "అమ్మో, ఇంత పనా!" అనిపించిందా? అలా అనిపిస్తే మంచిదే. విశాఖ జూకి వెళ్లి పాముల్ని చూసి వచ్చినా మీ సరదా తీరుతుంది, అందులో తప్పేమీ లేదు. లేదు, చెయ్యగలను అంటారా? అయితే ఒక్క మాట ఇప్పుడే అనుకోండి. రేపు ఉద్యోగం మారి, ఊరు మారి పామును ఉంచుకోలేని రోజొస్తే దాన్ని ఏ కొండ మీదో, ఏ శారదా నది గట్టునో వదిలేయకండి. అది ఈ నేల పాము కాదు, ఇక్కడ బతకడం దానికి తెలియదు, దానితో వెళ్లే జబ్బులు మన అడవి పాములకు తెలియవు. పోర్టల్‌లో బదిలీ నమోదు చేసి, చూసుకోగల మనిషికి అప్పగించండి. అలాంటి మనిషి దొరక్కపోతే అటవీ శాఖ వాళ్లతో మాట్లాడండి. ఇచ్చేటప్పుడు పాముతో పాటు పెట్టెను, థర్మోస్టాట్‌ను, అంకెలు రాసిన ఆ నోటుబుక్కును కూడా ఇచ్చి పంపండి.